నువ్వెవరని అడగని రోజులు

బ్రిటన్‌లో స్వేచ్ఛ ఎక్కువా, అమెరికాలో ఎక్కువా అని మనవాళ్లు నలుగురు కూర్చున్నచోటల్లా ఒక వాదన లేస్తుంది. రెండుచోట్లా డాక్టరుగా పనిచేసినవాణ్ణి, ఇప్పటికీ కూతురు బ్రిటన్‌లో, కొడుకు ఇక్కడ అమెరికాలో ఉన్నవాణ్ణి కనక నన్ను తీర్పు చెప్పమంటారు. తీరా నేను నోరు తెరిచేలోపు తుపాకులని ఒకరు, రాజరికమని ఒకరు, పన్నులని ఒకరు ఎవరికి తోచింది వాళ్లు చెప్పేసుకుని భోజనాలకు లేస్తారు.

రాజ్యాంగాలు చదివి స్వేచ్ఛను కొలిచేవాణ్ణి కాను నేను. పొద్దున చెప్పులేసుకుని గడప దాటిన మనిషి సాయంత్రం ఇల్లు చేరేలోపు ఎన్నిసార్లు "ఎవరు నువ్వు? ఏదీ నీ కార్డు?" అనిపించుకున్నాడు? నోటిదాకా వచ్చిన మాట ఎన్నిసార్లు మింగాడు? నా కొలత ఇదే. ఆ లెక్కన మా రోజుల్లో రెండు దేశాలూ నయం. ఇవాళ రెండూ దిగజారాయి. దిగజారిన సంగతే మన పిల్లలకు తెలియదు, నా కోపమంతా అందుకే.

1973లో గుంటూరు మెడికల్ కాలేజీ పట్టా పట్టుకెళ్లి మాంచెస్టర్ దగ్గర ఒక ఆసుపత్రిలో హౌస్ ఆఫీసరుగా చేరాను. అప్పటికి మన డిగ్రీని అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ నేరుగా ఒప్పుకునేది. 1975లో ఆ తలుపు మూసేశారు. ఇంటి దగ్గర రేషన్ కార్డు, కాలేజీలో కాండక్ట్ సర్టిఫికెట్, పాస్‌పోర్టుకు పోలీసు విచారణ, దేనికైనా గెజిటెడ్ ఆఫీసరు సంతకం, ఇలా నేనే నేనని అడుగడుక్కీ రుజువు చేసుకుంటూ పెరిగినవాణ్ణి. అక్కడ ఆ అవసరమే రాలేదు. లైబ్రరీలో పేరూ అడ్రసూ చెబితే పుస్తకాలిచ్చారు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఫోటో లేదు. 1998 దాకా ఆ దేశంలో ఫోటో లైసెన్సే లేదు. దాన్ని వెంట పెట్టుకు తిరగాల్సిన పని అసలే లేదు. పోలీసు కారు ఆపి అడిగితే, లేదని చెబితే, ఫలానా గడువులోగా నీకు వీలైన స్టేషన్లో చూపించమని ఒక చీటీ రాసిచ్చేవాడు. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది, గడువు 7 రోజులు. మా అబ్బాయికి ఇది చెబితే నమ్మడు. అమెరికాలో లైసెన్సు ఇంట్లో మరిచిపోయి కారు తీస్తే అదే ఒక తప్పు.

ఓటు సంగతి ఇంకా ఆశ్చర్యం. కామన్వెల్తు దేశాల పౌరులు బ్రిటన్‌లో చట్టబద్ధంగా కాపురముంటే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. 1974 అక్టోబరు ఎన్నికల్లో, జేబులో భారతదేశం పాస్‌పోర్టున్నవాణ్ణి, వెళ్లి పేరు చెప్పాను, వీధి పేరు చెప్పాను, బ్యాలెట్ కాగితం చేతిలో పెట్టారు. అమెరికాలో గ్రీన్ కార్డున్నవాడు ముప్ఫై ఏళ్లు పన్ను కట్టినా పౌరసత్వం తీసుకోనిదే దేశాధ్యక్షుడి ఎన్నికలో ఓటు లేదు. బ్రిటన్ వెళ్లిన మన కుర్రాళ్లలో సగం మందికి తమకు ఓటుందని కూడా తెలియదని మా అమ్మాయి అంటుంది. ఉన్న హక్కును కూడా కనుక్కోనివాళ్లను ఏమనాలి?

ఆ దేశానికి ఈ అడగని అలవాటు ఊరికే రాలేదు. రెండో ప్రపంచయుద్ధం మొదలవగానే 1939లో అందరికీ గుర్తింపు కార్డులిచ్చారు. యుద్ధం ముగిసినా కార్డులు పోలేదు, పోలీసులు దేనికి పడితే దానికి చూపించమనేవారు. 1950 డిసెంబరులో ఉత్తర లండన్‌లో క్లారెన్స్ విల్‌కాక్ అనే ఆయన కారు ఆపి కార్డు అడిగితే, చూపించను పొమ్మన్నాడు. కేసు పెట్టారు, ఓడిపోయాడు, పైకోర్టుకు వెళ్లాడు, అక్కడా ఓడిపోయాడు. కానీ యుద్ధం కోసం తెచ్చిన చట్టాన్ని మామూలు జనం మీద వాడటమేమిటని ప్రధాన న్యాయమూర్తి లార్డ్ గొడార్డ్ గట్టిగా తప్పుపట్టారు. 1952లో కార్డులే రద్దయ్యాయి. ఒక్క మనిషి మొండితనం అది. 2006లో మళ్లీ కార్డుల చట్టం తెస్తే 2010లో దాన్నీ ఎత్తేశారు.

ఇప్పుడు చూడండి. ఇంగ్లండ్‌లో అద్దె ఇల్లు కావాలంటే 2016 నుంచి ఇంటాయనే నీ వీసా పరీక్షించాలి. పరీక్షించకపోతే ఆయనకు జరిమానా. 2023 మే నుంచి ఓటుకు ఫోటో కార్డు కావాలన్నారు. అందులోనూ ఎంత పక్షపాతం! నాబోటి ముసలాళ్ల బస్సు పాసు చెల్లుతుంది, చదువుకునే పిల్లల రైలు కార్డు చెల్లదు. 2025 సెప్టెంబరులో, ఉద్యోగంలో చేరాలంటే డిజిటల్ గుర్తింపు తప్పనిసరి చేస్తామని ప్రధాని స్టార్మర్ ప్రకటించారు. 20 లక్షలకు పైగా జనం వద్దని అర్జీ మీద సంతకాలు పెట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా మేనల్లుడు మాత్రం, "మావయ్యా, ఆధార్ లాంటిదేగా, అంతా ఫోన్లో ఉంటే సుఖం కదా" అన్నాడు. ఎవరికి సుఖం? అడిగేవాడికి సుఖం.

అప్పుడంతా స్వర్గమని నేనెక్కడా అనలేదు. ఇల్లు అద్దెకుందని బోర్డు పెట్టి, తలుపు తీసి నా రంగు చూసి ఇప్పుడే ఇచ్చేశామన్నవాళ్లున్నారు. అలా అనడం చెల్లదని 1968లోనే చట్టం వచ్చినా అన్నారు. 1824 నాటి ఒక పాత చట్టం అడ్డం పెట్టుకుని, అనుమానంగా ఉన్నావంటూ నల్లజాతి కుర్రాళ్లను పోలీసులు పట్టుకెళ్లేవారు; జనం ఎంతో పోరాడాక 1981లో ఆ క్లాజు పోయింది. నన్ను ఎవరూ ఆపకపోవడానికి నా మెడలోని స్టెతస్కోపు కొంత కారణమని నాకు తెలుసు. అందుకే చెబుతున్నాను: అడిగే అధికారమంటూ ఇస్తే, అది అందరినీ ఒకేలా అడగదు. రంగు చూసి అడుగుతుంది, యాస విని అడుగుతుంది.

ఇక నడక. దీనికి నాకు కాస్త చోటు కావాలి.

ఇంగ్లండ్, వేల్స్‌లలో పొలాల మధ్య నుంచి, తోటల వెనక నుంచి, ఒక్కోసారి దొరగారి బంగళా ముందునుంచి కూడా జనం నడిచే హక్కున్న బాటలు ఇంచుమించు 1,40,000 మైళ్లున్నాయి. నేల ఆసామిది, దారి అందరిదీ. కంచె అడ్డొచ్చినచోట ఎక్కి దిగడానికి చెక్క మెట్లో చిన్న గేటో ఆ ఆసామే బాగుచేసి ఉంచాలి. చేను దున్నితే, దారి మళ్లీ సాపుచేసి ఇవ్వాలి. డ్యూటీ లేని ఆదివారాల్లో నేనూ, ఒంగోలు నుంచి వచ్చిన ఒక పిల్లల డాక్టరూ రైలెక్కి ఈడేల్ స్టేషన్లో దిగి కిండర్ స్కౌట్ కొండ ఎక్కేవాళ్లం. గొర్రెలు కాసే ఆసామి ఎదురొచ్చేవాడు. తన పొలంలో ఇద్దరు నల్లటి పరాయివాళ్లు. వాన పడేలా ఉంది, కోటు తెచ్చుకున్నారా అనేవాడు. అంతే. ఎవరు మీరు, ఎక్కడికి, ఎందుకు అన్న మాటే లేదు.

ఆ కొండకే ఒక చరిత్ర ఉంది. పక్షుల వేట కోసం దొరలు దాని పైకి జనాన్ని రానిచ్చేవారు కాదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల కార్మికుల పిల్లలు వందలమంది కావాలనే గుంపుగా ఎక్కారు. కాపలావాళ్లతో కొట్లాట జరిగింది. ఐదుగురు జైలుకెళ్లారు. 1951లో ఆ ప్రాంతమే దేశంలో మొదటి నేషనల్ పార్క్ అయింది. 2000లో వచ్చిన చట్టంతో ఇంగ్లండ్, వేల్స్‌లలో కొండలు, బీళ్లు నడిచేవాళ్లకు తెరిచారు. 2003లో స్కాట్లండ్ ఇంకా ముందుకెళ్లి దాదాపు నేలంతా తెరిచింది. ఈ ఒక్క విషయంలో మా రోజులకంటే ఇప్పుడే బాగుంది. అలా బాగుండటానికి ఎవరో జైలుకెళ్లారు.

అమెరికా వచ్చాక నాకు ఊపిరాడనిది ఈ నడక దగ్గరే. ఇంత విశాలమైన దేశంలో నడవడానికి జాగా లేదు. మేముండే ఒహాయో శివారుల్లో ఎన్నో కాలనీలు ఫుట్‌పాత్ లేకుండానే కట్టారు. ఎక్కడ చూసినా "లోపలికి రావద్దు" బోర్డులు. టెక్సాస్‌లో బోర్డు కూడా అక్కర్లేదు, చెట్టు మీద ఊదారంగు గీత గీస్తే చాలు, దాటినవాడు చట్టం ముందు దోషి. బ్రిటన్‌లో మోటర్‌వే తప్ప ఏ రోడ్డునైనా నీ బాధ్యత మీద నువ్వు దాటొచ్చు, అడిగేవాడు లేడు. ఇక్కడ చాలా ఊళ్లలో గీత లేనిచోట దాటితే జరిమానా. కాలిఫోర్నియా 2022లో కళ్లు తెరిచి, ప్రమాదం లేనప్పుడు దాటినవాణ్ణి పట్టుకోవద్దని చట్టం చేసింది. రోడ్డు దాటడానికి చట్టం చేసుకోవాల్సి వచ్చింది!

2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్ అనే ఊళ్లో ఏం జరిగిందో మనలో ఎంతమందికి గుర్తుంది? గుజరాత్ నుంచి మనవడి ఆలనాపాలనా చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన పొద్దున్నే కొడుకు ఇంటి ముందు వీధిలో నడుస్తున్నాడు. ఇంగ్లీషు రాదు. ఎవరో కొత్త మనిషి తిరుగుతున్నాడని పక్కింటివాళ్లు పోలీసులకు ఫోన్ చేశారు. పోలీసులొచ్చి ఏదో అడిగారు, ఆయనకు అర్థం కాలేదు. చేతులు వెనక్కి విరిచి నేలకేసి కొట్టాడు ఒక పోలీసు. మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతిని శరీరం కొంతమేర చచ్చుబడిపోయింది. ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆ పోలీసు మీద కేసు రెండుసార్లు విచారణకొచ్చి జ్యూరీ తేల్చలేకపోయింది, చివరికి జడ్జి కొట్టేశారు. వెన్నుపూస దెబ్బలు చూసిన డాక్టర్ని నేను. ఆ వీడియో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన చేసిన నేరం నడవడం.

1976లో నేను వచ్చినప్పుడు ఈ దేశం ఇలా లేదు. బడి వదిలాక పిల్లలు సైకిళ్లేసుకుని వెళ్లి వీధి దీపాలు వెలిగేదాకా వచ్చేవారు కాదు. మా అబ్బాయీ అలాగే పెరిగాడు. ఇవాళ వాడి కూతురు రెండు సందుల అవతలి స్నేహితురాలి ఇంటికి కూడా కారులోనే వెళ్తుంది. ఎందుకురా అంటే, ఎవరైనా ఫోన్ చేస్తే పోలీసులొస్తారు నాన్నా అంటాడు. వాడి భయం ఉత్తది కాదు. 2024లో జార్జియాలో పదేళ్ల పిల్లవాడు మైలు కూడా లేని ఊళ్లోకి ఒంటరిగా నడిచి వెళ్లాడని తల్లికి బేడీలు వేశారు. పిల్లల్ని నడవనివ్వడం నిర్లక్ష్యం కిందికి రాదని యూటా రాష్ట్రం 2018లో చట్టమే రాసుకుంది.

ఇంటి ఆవరణలోనైనా మన ఇష్టముందా? ఇప్పటి కాలనీల్లో ఇంటి యజమానుల సంఘం గడ్డి ఎంత ఎత్తుండాలో, తలుపుకు ఏ రంగు వేయాలో చెబుతుంది. మా ఆవిడ వెనక డెక్ మీద గుమ్మడి వడియాలు, ఊరమిరపకాయలు ఎండబెడితే, తీసేయకపోతే జరిమానా అని ఉత్తరమొచ్చింది. బట్టలారేసుకునే తీగ కట్టకూడదు. మేము మొదట కొనుక్కున్న ఇంటి వీధిలో ప్రతి పెరట్లోనూ తీగలుండేవి, తెల్లటి దుప్పట్లు ఎగిరేవి. ఇంగ్లండ్‌లో మా అమ్మాయి పెరట్లో ఇప్పటికీ ఉంది.

మాట దగ్గరికొస్తే మాత్రం అమెరికాకు నేను ఋణపడి ఉన్నాను. ఇంగ్లండ్‌లో మా కన్సల్టెంటు వార్డుకొస్తే పెళ్లి ఊరేగింపులా ఉండేది. ముందు ఆయన, వెనక సీనియర్లు, చివర మేము. ఆయన అడిగితే తప్ప మాట్లాడకూడదు. ఒహాయోలో చేరిన మొదటి వారంలోనే విభాగాధిపతి తనను పేరు పెట్టి పిలవమన్నాడు, నువ్వు చేసింది తప్పని ఒక నర్సు ఆయన మొహం మీదే అంటే విని సరిదిద్దుకున్నాడు. అప్పుడు మన దేశంలో ఎమర్జెన్సీ. పత్రికల మీద సెన్సారు. మా నాన్నగారి ఉత్తరాల్లో వానల గురించి, పెళ్లిళ్ల గురించి తప్ప ఒక్క ముక్క ఉండేది కాదు. ఆయన భయపడుతున్నారని ఆ ముక్క లేకపోవడంలోనే తెలిసేది. ఇక్కడేమో ఆసుపత్రి క్యాంటీన్లో నేల తుడిచే మనిషీ, గుండె ఆపరేషన్లు చేసే సర్జనూ ఒకే బల్ల మీద కూర్చుని, నిక్సన్‌కు క్షమాభిక్ష పెట్టినందుకు ఫోర్డ్‌ను నోటికొచ్చినట్టు తిట్టేవారు. చుట్టూ చూసి గొంతు తగ్గించడం నేనొక్కణ్ణే చేసేవాణ్ణి. మరుసటి ఏడు నాజీ గుంపొకటి, హిట్లర్ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ యూదులు ఎందరో ఉండే స్కోకీ ఊళ్లో ఊరేగుతామంటే, వాళ్ల మాట్లాడే హక్కు కోసం పౌరహక్కుల సంఘం కోర్టులో వాదించింది. ఆ సంఘంలో యూదు లాయర్లున్నారు. ఎంత అసహ్యమైన మాటనైనా ప్రభుత్వం నోరునొక్కి ఆపకూడదని అంత గట్టిగా నమ్మినవాళ్లను నేను అంతకుముందు చూడలేదు.

అలాంటి దేశంలో 2025 జూన్ నుంచి చదువుకోవడానికి వచ్చేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలన్నీ అధికారులు చూసేలా తెరిచిపెట్టాలి. మా బంధువుల పిల్ల ఒకతి వీసా ఇంటర్వ్యూకు ముందు కూర్చుని, తను రాసుకున్నవన్నీ ఒక్కొక్కటే చెరిపేసింది. అందులో ఏముందమ్మా అంటే, ఏమో తాతయ్యా, ఏది తప్పో తెలియదు కదా అంది. అదే ఏడు మార్చిలో మసాచుసెట్స్‌లో ఒక విదేశీ విద్యార్థినిని ముఖాలకు ముసుగులు వేసుకున్న అధికారులు నడిరోడ్డు మీద పట్టుకుపోయారు. కాలేజీ పత్రికలో మరికొందరితో కలిసి రాసిన ఒక వ్యాసం తప్ప ఆమెకు వ్యతిరేకంగా వేరే సాక్ష్యం చూపించలేదని చెప్పి, జడ్జి మే నెలలో విడుదల చేయించాడు. బ్రిటన్ కూడా తక్కువ తినలేదు. 2023 మేలో చార్లెస్ పట్టాభిషేకం రోజున, రాజు వద్దని అట్టలు పట్టుకుందామని వచ్చినవాళ్లను మొదలుపెట్టకముందే పట్టుకెళ్లి గంటల తరబడి నిర్బంధించి, కేసేమీ పెట్టకుండా వదిలేశారు. మా రోజుల్లో లండన్ హైడ్ పార్కులో చెక్కపెట్టె ఎక్కి రాణిగారి ఖర్చుల మీద దులిపేసేవాళ్లను నేను ఆదివారాలు నిలబడి విన్నాను. పక్కనే పోలీసు కూడా నిలబడి వినేవాడు.

ఇంకొక స్వేచ్ఛ ఉంది. దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు కానీ డాక్టరుగా నేను దాన్నే పెద్దదంటాను: నచ్చని ఉద్యోగం మానేసే స్వేచ్ఛ. 1948 నుంచి బ్రిటన్‌లో వైద్యానికీ ఉద్యోగానికీ ముడి లేదు. నా దగ్గరకొచ్చిన పేషెంట్లలో ఫ్యాక్టరీ మేనేజరుతో పోట్లాడి పని మానేసినవాళ్లున్నారు, మర్నాడు ఉబ్బసానికి మందు రాయించుకున్నవాళ్లూ వాళ్లే. అమెరికాలో రెండో యుద్ధకాలంలో జీతాలు పెంచొద్దని ప్రభుత్వం కట్టడి పెడితే, యజమానులు జీతానికి బదులు ఇన్సూరెన్సు ఇవ్వడం మొదలుపెట్టారు. యుద్ధం పోయింది, ఆ ముడి ఉండిపోయింది. బిడ్డకు జబ్బుంది కనక ఈ ఉద్యోగం వదల్లేను డాక్టర్ అని ఏడ్చినవాళ్లను నేను చూశాను. 2014 నుంచి పాత జబ్బుందని ఇన్సూరెన్సు నిరాకరించకూడదు. కొంత నయం. హెచ్-1బి వీసా మీద పనిచేసే మన పిల్లలకు ఆ నయం చాలదు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో మరొకటి చూసుకోవాలి, లేదా సర్దుకోవాలి. దేశానికింతని పెట్టిన 7 శాతం వాటా వల్ల గ్రీన్ కార్డు కోసం పదేళ్లు దాటి ఎదురుచూస్తూ, మేనేజరు ఏమన్నా తలూపుతూ బతుకుతారు. నాకు 1976లో లండన్ ఎంబసీలోనే ఇమిగ్రెంట్ వీసా ఇచ్చారు. మొదటి ఆసుపత్రి నచ్చక ఇంకోదానికి మారితే అడిగినవాడు లేడు.

బ్రిటన్‌కు పొమ్మందామంటే, అక్కడా మా రోజులు లేవు. ఇప్పుడు 5 ఏళ్ల వీసా మీద వెళ్లే మొగుడూ పెళ్లాం విమానం ఎక్కకముందే ఆరోగ్య సేవల కోసమని 10,350 పౌండ్లు కట్టాలి, జీతంలో కోసే పన్నులు కాక. డాక్టర్లకూ నర్సులకూ మినహాయింపు. మా దగ్గర ఒక్క పెన్నీ తీసుకోలేదు. స్థిరనివాసానికి ఉన్న 5 ఏళ్ల గడువును 10కి పెంచుతామని 2025లో ప్రకటించారు.

వేసవి వచ్చిందంటే మా చుట్టుపక్కల కాలనీల్లో అమ్మానాన్నలు దిగుతారు. విజయవాడలో, వరంగల్‌లో పొద్దున్నే నాలుగు వీధులు చుట్టి, పాలు, పూలు తెచ్చుకుని, అందరినీ పలకరించి వచ్చే మనుషులు. ఇక్కడ కొడుకులు వాళ్ల మెడలో అడ్రసు, ఫోన్ నంబరు రాసిన కార్డు కట్టి, మలుపు దాటొద్దని చెప్పి పనికి వెళ్తున్నారు. అలబామా సంగతి విని కట్టామంటారు. ఆ కార్డు చూసినప్పుడల్లా నా రక్తం ఉడుకుతుంది. కార్డు కట్టే బదులు ఫుట్‌పాత్ వేయించండ్రా అంటున్నాను. మా టౌన్‌షిప్ ట్రస్టీల సమావేశానికి ఎవరైనా వెళ్లొచ్చు, ఎవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడొచ్చు, పౌరసత్వం అడగరు. ఈ దేశంలో ఆ తలుపు ఇంకా తెరిచే ఉంది. నేను వెళ్లి మాట్లాడాను. పెద్ద రోడ్డు నుంచి లైబ్రరీ దాకా ఫుట్‌పాత్ లేదని మ్యాపు గీసి చూపించాను. బడ్జెట్లో చూద్దామన్నారు. చూద్దామనేది ఏ దేశంలోనైనా ఒకటే. వెనక కుర్చీల్లో మనవాళ్లు ఇరవై మంది కూర్చుని ఉంటే ఆ మాట అంత తేలిగ్గా అనేవారు కాదు. ఒక్కడూ రాలేదు. ఒకడికి ఆఫీసు కాల్, ఒకడికి పిల్లల క్లాసు, ఒకడికి మన పేరు రికార్డుల్లో ఎక్కితే వీసాకు ఏమవుతుందోనన్న బెంగ. వచ్చే నెల రెండో మంగళవారం సాయంత్రం మళ్లీ సమావేశం. మ్యాపు నేను తెస్తాను.